డ్రాక్యులా తాగని గ్లాసు

దెయ్యం సినిమాకీ, మందు గ్లాసుకీ ఈడూజోడూ కుదర్చమని ఎవరైనా మిమ్మల్నడిగితే ఏం చేస్తారు? "ఇదెక్కడి చోద్యమమ్మా!" అని నవ్వేసి ఊరుకుంటారు కదూ! నేనూ నవ్వబోయాను. కానీ అడిగింది నా తోడబుట్టిన చెల్లెలు. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్ ఊళ్లో, వాళ్ల వంటింట్లో నిలబడి అడిగింది. అలా అడుగుతూనే పై అర తలుపు తీసి, పొడుగాటి సీసా ఒకటి తెచ్చి గట్టుమీద పెట్టింది. నా నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

నేను వెళ్లింది సరిగ్గా అక్టోబరు నెలలో. ఏ ఇంటి ముందు చూసినా గుమ్మడికాయలే. వాటికి కళ్లూ, పళ్లూ చెక్కి లోపల దీపం పెడతారు. చెట్లకి దూదితో సాలెగూళ్లు, గడపల దగ్గర ప్లాస్టిక్ అస్థిపంజరాలు! అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ కోసం ఈ హడావుడంతా. ఐర్లాండు, స్కాట్లాండు నుంచి వలస వచ్చినవాళ్లు తమతో తెచ్చుకున్న పండగ ఇది. చలికాలం మొదలయ్యే ఆ రాత్రి, పోయినవాళ్లు తిరిగి ఇళ్లవైపు వస్తారని పూర్వం నమ్మేవాళ్లు. ఐర్లాండులో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవాళ్లు. అమెరికా వచ్చాక గుమ్మడికాయ అందుకు వీలుగా దొరికింది. మనం ఇంటిముందు కట్టే బూడిదగుమ్మడికాయ గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది.

పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు పోగేసుకుంటారు. పెద్దవాళ్లకి వేరే సరదాలు. మా చెల్లెలి వీధిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న ఆనవాయితీ ఒకటుంది. పండగ ముందు వచ్చే శనివారం రాత్రి ఒకరింట్లో చేరి పాతకాలపు భయానక చిత్రం చూస్తారు. ఆ సినిమాకి తగ్గట్టు ఒక పానీయం కలపడం ఆ ఇంటావిడ వంతు. చీటీ వేస్తే ఈసారి మా చెల్లెలి ఇల్లు వచ్చింది. సినిమా పేరు చీటీలో 1931 నాటి "డ్రాక్యులా" వచ్చింది.

"అక్కా, నువ్వు కథలు రాస్తావుగా. ఈ సినిమాకి తగ్గ డ్రింకేదో నువ్వే ఆలోచించు" అంది తను, ఏదో పచ్చడికి పోపు వెయ్యమన్నంత తేలిగ్గా.

మంచం కింద మేమిద్దరం

మాది నెల్లూరు జిల్లా. 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ దూబగుంట మా జిల్లాలోదే. అప్పుడు నాకు ఐదేళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆపేశారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఈ సంవత్సరాలన్నీ మా అమ్మకి పిల్లల పుట్టినరోజుల్లా గుర్తు. మా నాన్న మాత్రం ఏ నిషేధానికీ ఆగలేదు. ఎక్కణ్ణించి తెచ్చేవాడో, ఎలా తెచ్చేవాడో గానీ తెచ్చేవాడు. రాత్రిపూట గేటు చప్పుడైతే చాలు, నేనూ చెల్లీ మంచం కింద దూరేవాళ్లం. దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టి ఏడుపు బయటికి రాకుండా చూసేదాన్ని. దెయ్యాల సినిమా చూసి భయపడాల్సిన అవసరం మా చిన్నతనంలో మాకెప్పుడూ రాలేదు.

అందుకే గట్టుమీద ఆ సీసా చూడగానే నా ఒళ్లు చల్లబడింది. పిల్ల బడినుంచి వచ్చి పడుకునేదాకా ఓపిక పట్టి, రాత్రి అడిగేశాను.

"నువ్వు కూడానా చెల్లీ?"

తను గిన్నెలు తుడుస్తున్నది ఆపింది. "ఏడాదికి రెండు మూడుసార్లు, ఒక గ్లాసు. మీ మరిదికి తెలుసు. పాపకి తెలుసు. దాచుకుని తాగట్లేదు. నేను నాన్నని కానక్కా" అంది.

"నాన్న కూడా ఒక గ్లాసుతోనే మొదలుపెట్టాడు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. తను దీపం ఆర్పేసి పైకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న కాఫీ కప్పు నా ముందు పెట్టింది గానీ మాట కలపలేదు. పరాయి దేశంలో, తోడబుట్టినదాని ఇంట్లో ఆ మౌనం ఎంత కష్టంగా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

పట్టపగలు డ్రాక్యులా

ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, ఇక చేసేదేం లేక ఆ సినిమాయే పెట్టుకున్నాను. గంటంబావు సినిమా. నలుపు తెలుపు. టాడ్ బ్రౌనింగ్ దర్శకుడు. బ్రామ్ స్టోకర్ అనే ఐర్లాండు రచయిత 1897లో అచ్చువేసిన నవల దీనికి మూలం. డ్రాక్యులాగా వేసినాయన హంగరీలో పుట్టిన బేలా లుగోసీ. అంతకుముందే న్యూయార్కు నాటకరంగం మీద ఆ వేషంతో పేరు తెచ్చుకున్నాడు.

చెప్పొద్దూ, నేను ఎదురుచూసిందేదీ అందులో లేదు. కోరపళ్లు లేవు. ఇప్పటి సినిమాల్లోలాగా గుండె అదరగొట్టే సంగీతం లేదు. నిశ్శబ్దమే ఎక్కువ. నెత్తురంటారా, కోటకి వచ్చిన అతిథి రెన్‌ఫీల్డ్ వేలికి కాగితాల క్లిప్పు గుచ్చుకుంటే ఒక బొట్టు వస్తుంది. అంతే! మిగతా నెత్తురంతా చూసేవాళ్ల ఊహలోనే.

ఆ తర్వాత వచ్చే ఘట్టం దగ్గర నేను లేచి కూర్చున్నాను. డ్రాక్యులా అతిథికి చాలా పాతకాలపు వైను అంటూ ఎంతో మర్యాదగా గ్లాసులో పోసి ఇస్తాడు. మరి మీరో అని అతను అడుగుతాడు. తనకి వైను తాగే అలవాటు లేదంటాడు డ్రాక్యులా, నడుమ కాస్త ఆగి మరీ. తాగిన అతిథికి కాసేపటికే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత అతను తన మనిషి కాదు, డ్రాక్యులా బానిస.

ఇంకో సంగతి. అమెరికాలోనూ 1920 నుంచి 1933 డిసెంబరు దాకా మద్యనిషేధం ఉండేది. అంటే 1931 ఫిబ్రవరిలో ఈ సినిమా విడుదలైనప్పుడు, తెరమీద ఆ వైను గ్లాసు చూసిన జనానికి బయటికొస్తే చట్టప్రకారం చుక్క దొరకదు. అక్కడా ఆ నిషేధం కోసం ఎన్నో ఏళ్లు పోరాడినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు. మా అమ్మలాంటి వాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారన్నమాట! అక్కడా చివరికి ఎత్తేశారు. చట్టం దుకాణం మూయించగలదు గానీ, ఇంట్లో గ్లాసు దగ్గర ఎవరికి వాళ్లే కాపలా అని నాకనిపించింది.

జత కుదర్చడమంటే...

సాయంత్రం చెల్లెలు రాగానే, "డ్రింకు నేనే ఆలోచిస్తాను. కానీ నా పద్ధతిలో" అన్నాను. తను నా మొహంలోకి చూసి, బ్యాగు పక్కన పెట్టి కూర్చుంది. మాటలు మళ్లీ అలా మొదలయ్యాయి.

సినిమాకి డ్రింకు జత చెయ్యడమంటే ఎర్రరంగు కలిపి "నెత్తురు" అనడం కాదట. కథలోంచి ఒక వస్తువో, ఒక ఘట్టమో పట్టుకోవాలట. ఒక ఏడాది హిచ్‌కాక్ తీసిన "సైకో" చూసినప్పుడు పక్కింటావిడ చాక్లెట్ డ్రింకు చేసిందని చెప్పింది చెల్లెలు. 1960 నాటి ఆ నలుపు తెలుపు సినిమాలో స్నానాలగది హత్యకి నెత్తురుగా వాడింది చాక్లెట్ సిరప్పే మరి! 1968లో జార్జి రొమేరో చాలా తక్కువ డబ్బుతో తీసిన "నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్"లోనూ అదే కిటుకు. నలుపు తెలుపులో చూస్తే అది నెత్తురులాగే ఉంటుంది.

మరి మన డ్రాక్యులాకి? మామూలుగా అందరూ చేసేది బ్లడీ మేరీ. టమాటా రసం, వోడ్కా, నిమ్మరసం, కారంగా ఉండే సాసులు కలుపుతారు. వోడ్కా లేకుండానూ చేస్తారు. కానీ శాకాహారులు జాగ్రత్త! అందులో వేసే వూస్టర్ సాసులో సాధారణంగా చేపలుంటాయి.

నాకు తోచింది వేరు. సినిమా మొదట్లో నెత్తురు కనబడదు, ఊహలో మెల్లగా కమ్ముకుంటుంది. గ్లాసు కూడా అలాగే ఉండాలి. మొదట తెల్లగా, నీళ్లలా. సినిమా నడుస్తున్నకొద్దీ ఎర్రబడాలి. అంటే రంగు ఐసులో దాచాలి!

మొదట బీట్‌రూట్ రసం గడ్డకట్టించాను. రంగు అమోఘం. రుచి చూసిన మా పాప, "పెద్దమ్మా, ఇది నిజంగా సమాధి మట్టిలాగే ఉంది" అంది. డ్రాక్యులా తన ఊరి మట్టి నింపిన పెట్టెలో పడుకుంటాడు కాబట్టి అదీ జత కుదిరినట్టే గానీ, తాగేదెవరు? రెండోసారి దానిమ్మరసంతో చేస్తే చక్కగా కుదిరింది.

మీరూ చేసుకోవచ్చు

ఆరుగురికి: రెండు కప్పుల చిక్కటి దానిమ్మరసం వడగట్టి, ఐసు ట్రేలో పోసి రాత్రంతా గడ్డకట్టనివ్వాలి. నాలుగు నిమ్మకాయల రసం, రెండు చెంచాల అల్లం రసం, ఆరు చెంచాల పంచదార పాకం, చిటికెడు ఉప్పు కలిపి జగ్గులో ఉంచుకోవాలి. వడ్డించేముందు ఒక లీటరు చల్లటి సోడా పోయాలి. ఒక్కో గ్లాసులో మూడేసి ఎర్ర ఐసుముక్కలు వేసి, పైన ఈ నీళ్లు పోస్తే సరి. ఎర్రటి చారలు కిందికి మెల్లగా జారుతుంటే చూడ్డానికే బావుంటుంది.

పొగలు రావాలని కొందరు గ్లాసులో డ్రై ఐసు వేస్తారు. అది సున్నాకి 78 డిగ్రీలు కిందుండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ముక్క నోట్లోకి పోతే లోపల కాలుతుంది. ముట్టుకున్నా చర్మం దెబ్బతింటుంది. పొగ కావాలనుకుంటే, గాలి ఆడే గదిలో, వేరే పెద్ద గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి, పిల్లలకి అందకుండా ఉంచండి. మేం అసలు ఆ జోలికే పోలేదు.

నా పద్ధతి అని షరతు పెట్టింది ఇక్కడే. జగ్గులో మందు కలపలేదు. అందరికీ ఒకే రకం గ్లాసు, ఒకే పానీయం. సీసా పక్క గదిలో బల్లమీద, దాని పక్కన 45 మిల్లీలీటర్ల కొలత కప్పు. కావాలనుకున్నవాళ్లు వెళ్లి తమ చేత్తో కొలిచి పోసుకోవాలి. అమెరికాలో ఒక డ్రింకంటే ఆ కొలతే. తీపిలో, పులుపులో కలిస్తే మందు ఎంత పడిందో నాలుకకి తెలియదు. కాక్‌టెయిల్‌లో అసలు ప్రమాదం అదే. ఇతరులు పోసిచ్చే గ్లాసులో లెక్క మన చేతిలో ఉండదు. ఎంత కొద్దిగా తాగినా పూర్తిగా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

ఆ శనివారం రాత్రి

ఎనిమిది మందీ వచ్చారు. ఒకావిడ మంత్రగత్తె టోపీ పెట్టుకొచ్చింది. నేను నా ఎర్రంచు నల్లచీర కట్టుకుంటే అదే గొప్ప వేషమని మెచ్చుకున్నారు! దీపాలు తగ్గించారు. గ్లాసుల్లో ఎరుపు మెల్లగా దిగుతోంది. డ్రాక్యులా వైను వద్దనగానే అందరూ గొల్లుమన్నారు.

సినిమా అయ్యాక, వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే ఒకావిడ నా పక్కకొచ్చి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. తను తాగడం మానేసి ఆరేళ్లయిందట. "ప్రతి ఏడాదీ నాకు విడిగా నీళ్ల సీసా ఇచ్చేవాళ్లు. అది చూసి ఎవరో ఒకరు ఎందుకని అడిగేవాళ్లు. ఈ రాత్రి ఎవరూ అడగలేదు" అంది. నా వచ్చీరాని ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచక, తడిచేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మా చెల్లెలు? తను ఒకసారి పక్క గదిలోకి వెళ్లింది. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. కప్పుతో కొలిచి ఒకసారి పోసుకుంది. సీసా మూత గట్టిగా బిగించి, వచ్చి నా పక్కనే కూర్చుంది. మా నాన్న చేతిలో ఆ మూత బిగించగా నేను ఏనాడూ చూడలేదు. నా భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఆ రాత్రి కూడా నాకు నిద్ర పట్టలేదు. కానీ తను చెప్పింది అబద్ధం కాదని మాత్రం తెలిసింది. చిన్నప్పుడు దాని నోటికి అడ్డం పెట్టిన చెయ్యి ఇక తీసెయ్యాలని కూడా తెలిసింది.

మన ఊళ్లలో హాలోవీన్ లేదు, నిజమే. కానీ డిసెంబరు 31 రాత్రులున్నాయి, ఆఫీసు విందులున్నాయి, "ఒక్క గుక్కే కదా, ఏం కాదు" అనే స్నేహితులున్నారు. తాగనివాళ్లని పల్లెటూరివాళ్లని నవ్వడమూ ఉంది, తాగినామెని చెడిపోయిందనడమూ ఉంది. మీ ఇంట్లో విందైతే తాగనివాళ్లకీ అంతే అందమైన గ్లాసు పెట్టండి. బయటికెళ్తే గ్లాసులో ఏముందో అడగండి, మీ కళ్లముందు పోయించుకోండి. వద్దంటే వద్దనే చెప్పండి. కారణం చెప్పుకోనక్కర్లేదు.

తాగనని డ్రాక్యులా అంతటివాడు చెప్తే, ఎందుకని ఎవరూ నిలదీయలేదు. ఆపాటి మన్నన మనకీ దక్కొద్దూ!