చూపు పిట్ట మీద.. అనుమానం మనిషి మీద

* కాలనీల్లో పక్షులు చూసేవారికి తప్పని ప్రశ్నలు
* పొరుగు రాష్ట్రంలో తెలుగువారికి భాష కూడా పరీక్షే

పొద్దున ఆరున్నర. మెడలో బైనాక్యులర్ వేసుకున్న మనిషి ఒకరు కాలనీ రోడ్డు మీద నిలబడి మేడకేసి కన్నార్పకుండా చూస్తుంటారు. పది నిమిషాలైనా కదలరు. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. పక్కనే కిటికీ తెరిచి ఉంది. ఇంటివాళ్లకు ఏమనిపిస్తుంది? నిజానికి ఆయన చూస్తున్నది డాబా వెనక ఎండుకొమ్మ మీద కూర్చున్న కంసాలిపిట్టను. ఆ సంగతి ఆయనకూ పిట్టకూ తప్ప మూడోవారికి తెలియదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బెంగళూరు లేఅవుట్లలో, హోసూరు హౌసింగ్ కాలనీల్లో, చెన్నై శివార్లలో, బరంపురం వీధుల్లో పక్షులు చూసే సరదా ఉన్న తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. ఎదురింటి పెద్దాయన ఆరా తీస్తారు. ఒక్కోసారి నలుగురూ పోగవుతారు. మాట తూలితే పోలీసులకు ఫోన్ వెళుతుంది. ఆ పూటకు పిట్టా ఉండదు, మనశ్శాంతీ ఉండదు.

వీధిలోనే కాపురం

పక్షుల్ని చూడాలంటే అడవికే వెళ్లాలా? అక్కర్లేదు. కంసాలిపిట్ట ఎండుకొమ్మను తొలిచి గూడు చేసుకుంటుంది. కుట్టుపిట్ట ఆకుల అంచులకు బెజ్జాలు చేసి, పీచుతోనో సాలెగూటి పోగుతోనో కలిపి కుడుతుంది. పికిలిపిట్ట బాల్కనీ పూలకుండీలోనూ గుడ్లు పెడుతుంది. తేనెపిట్ట వరండాలోని తీగకు సంచిలాంటి గూడు వేలాడదీస్తుంది. అపార్టుమెంటు సందుల్లో చేరే గుడ్లగూబ ఎలుకల పని పడుతుంది. ఇవన్నీ జనం మధ్యే బతుకుతాయి. కాబట్టి చూసేవారూ జనం మధ్యే నిలబడాలి.

ఇదంతా పొద్దుపోక చేసే పని అనుకుంటే పొరపాటే. బెంగళూరులో పక్షి వీక్షకుల సంఘం 1972 నుంచి ఉంది. అమెరికాలో 1998లో మొదలైన 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' 2013లో మన దేశానికి వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు సాగుతుంది. కనీసం పావుగంట ఒకచోట పక్షుల్ని చూసి, లెక్కపెట్టి 'ఈబర్డ్'లో నమోదు చేస్తే చాలు. తమిళనాడులో 2015 నుంచి పొంగల్ నాలుగు రోజులూ ఇలాంటి లెక్కే తీస్తున్నారు. మామూలు జనం ఇలా పోగుచేసిన లెక్కల ఆధారంగానే 2020లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక వెలువడింది. పిచ్చుకలు దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయని, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గాయని అది తేల్చింది. వీధుల్లో నిలబడి లెక్కపెట్టేవారు లేకపోతే ఈ తేడా బయటపడేదే కాదు.

అడిగేవారిది తప్పా?

అలాగని అడిగేవారిని తప్పుపట్టలేం. పక్షులు చురుగ్గా ఉండేది ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా. ఆడవాళ్లు ముగ్గులు వేసేది, బట్టలు ఆరేసేది, పిల్లలు బడికి బయల్దేరేది కూడా అప్పుడే. దొంగలు ముందుగా వచ్చి ఇళ్లు చూసి పోతారన్న భయం ప్రతి కాలనీలోనూ ఉంది. ఆడవారి ఏకాంతాన్ని దొంగచాటుగా చూడడం, ఫొటో తీయడం నేరం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చెబుతున్నది అదే. బైనాక్యులర్‌ పట్టుకున్న మనిషి మనసులో ఏముందో చూసేవారికి ఎలా తెలుస్తుంది?

ఇంకో అనుమానమూ ఉంది. చిలుకల్ని, జీనువాయిల్ని వల వేసి పట్టి అమ్ముకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకను పంజరంలో పెంచడం కూడా నేరమే. చెట్ల చుట్టూ తిరిగే కొత్త మనిషి వలవాడేమోనని వాకబు చేస్తే అది పక్షికి మేలే.

కొత్త సాధనాలతో కొత్త చిక్కులు కూడా వచ్చిపడ్డాయి. కూత విని పక్షి పేరు చెప్పే 'మెర్లిన్' లాంటి ఫోన్ యాప్‌లు వచ్చాయి. ఫోను పైకెత్తి గోడవైపు పట్టుకుంటే వీడియో తీస్తున్నారనే అనుకుంటారు. బైనాక్యులర్‌లో కెమెరా ఉంటుందనుకునేవారూ తక్కువేమీ కాదు. మామూలు బైనాక్యులర్‌ మీద ఉండే '8x42' అంకెలకు అర్థం ఒక్కటే. వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, ముందుండే అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. అది ఫొటో తీయదు, దాచుకోదు.

అనుమానం ఒక్కోసారి పక్షినీ వదలదు. 2023 మేలో ముంబయి ఓడరేవు దగ్గర కాళ్లకు రింగులతో, రెక్కల మీద చైనా లిపిలాంటి రాతతో ఒక పావురం దొరికింది. గూఢచారి పక్షేమోనని ఎనిమిది నెలలు ఆసుపత్రిలో ఉంచారు. తైవాన్ పందేల్లోంచి తప్పిపోయి వచ్చిందని తేలాక 2024 జనవరి నెలాఖరులో వదిలేశారు. నోరులేని పావురానికే అంత విచారణ జరిగితే, నోరున్న మనిషి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పడంలో కష్టమేముంది?

అన్ని భాషల్లో అదే ప్రశ్న

సరిహద్దు ఇవతలి తెలుగువారికి ఇక్కడే అసలు పరీక్ష. 'ఎవరు కావాలి?' అన్న ప్రశ్న బెంగళూరులో 'యారు బేకు?' అని, హోసూరులో 'యారు వేణుం?' అని, బరంపురంలో 'కాహాకు ఖోజుఛంతి?' అని, ముంబయిలో 'కోణ్ పాహిజే?' అని వినిపిస్తుంది. యానాంలో భాష మనదే అయినా 'ఏవూరండీ, ఎవరి తాలూకండీ?' అని అడగందే వదలరు. అడిగిన భాషలో కాకుండా ఇంగ్లిషులో గడగడా జవాబిస్తే అనుమానం తగ్గదు సరికదా, కోపం తోడవుతుంది.

కన్నడంలో 'హక్కి నోడ్తా ఇద్దీని', తమిళంలో 'పరవై పార్క్కిరేన్', ఒడియాలో 'చఢేఇ దేఖుఛి'. ఈ రెండు మూడు ముక్కలు వస్తే చాలు, సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. పక్షి పేరు కూడా వాళ్ల మాటలో చెప్పగలిగితే మరీ మంచిది. మన పిచ్చుక కన్నడంలో గుబ్బచ్చి, తమిళంలో చిట్టుక్కురువి. మన జెముడుకాకిని కన్నడిగులు కెంబూత అంటారు, తమిళులు చెంబోత్తు అంటారు. గోరువంక కన్నడంలోనూ గొరవంకే. పేరు కలిసిందంటే మాట కలిసినట్టే. ఇక బెంగళూరు అపార్టుమెంట్ల కాపలాదారుల్లో అనంతపురం, చిత్తూరు వైపువారూ ఉంటారు. 'ఏ ఊరన్నా మీది?' అని పలకరిస్తే చాలు, ఏ చెట్టు మీద ఏ గూడుందో వాళ్లే చెబుతారు. రాత్రంతా మేలుకుని ఉండేవారికి గుడ్లగూబ రాకపోకలు తెలిసినంతగా పుస్తకాలకు తెలియవు.

ఇలా చేస్తే మేలు

* కొత్త వీధిలోకి వెళ్లగానే వాచ్‌మన్‌కో, వాకిట్లో ఉన్నవారికో ముందే విషయం చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగకూడదు.
* కిటికీలు, బాల్కనీలు, ఆరేసిన బట్టల వైపు బైనాక్యులర్‌ తిప్పకూడదు. పిట్ట అటే వాలితే ఆశ వదులుకోవాలి.
* ఒంటరిగా కన్నా ఇద్దరు ముగ్గురు కలిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే మంచిది. గుర్తింపు కార్డు, పక్షుల బొమ్మల పుస్తకం దగ్గరుండాలి.
* అడిగినవారి చేతికి బైనాక్యులర్‌ ఇచ్చి ఒకసారి చూడమనాలి. ఫొటో తీసి ఉంటే చూపించాలి. తీసేయమంటే వాదించకుండా తీసేయాలి.
* రక్షణ స్థావరాలు, విమానాశ్రయాల గోడల పక్కన కెమెరా తీయొద్దు.
* వద్దన్న చోట నిలబడొద్దు. రోడ్డు అందరిదీ అని చట్టం మాట్లాడి గెలిచినా, రేపు మళ్లీ ఆ వీధికే రావాలి.

అడిగే కన్నే కాపలా

కొత్తవారిని నిలదీసే ఊళ్లే పక్షుల్ని కాపాడాయి. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువులో పక్షుల్ని ఎవరూ వేటాడకుండా 1798లోనే అప్పటి చెంగల్పట్టు కలెక్టరు లయోనెల్ ప్లేస్ నుంచి కౌలుపత్రం రాయించుకున్నారు. పక్షుల రెట్టతో కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువని వాళ్లకు తెలుసు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో గూడబాతులు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. 2007లో దాన్ని సముదాయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించడానికి చాలా ముందు నుంచే ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకున్నారు. బరంపురం వాసులకు దగ్గర్లో, ఇచ్ఛాపురం పక్కనున్న తేలుకుంచికి ఏటా తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి. వాటిని సైబీరియా పక్షులని చెప్పుకోవడం పరిపాటే గానీ, అవి దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. ఆ కొంగలు రాకపోతే వానలు పడవన్న నమ్మకమే అక్కడ కాపలా. అలాంటి ఊళ్లో చెట్ల కింద కొత్త మనిషి కనిపిస్తే ఎవరని అడగరా?

నగరం కాలనీకి అలాంటి నమ్మకమేదీ లేదు. గుడ్లగూబ ఇంట్లో ఉంటే అరిష్టమని గూడు పీకించేవారున్నారు. రెట్ట పడుతోందని కొమ్మలు నరికించేవారూ ఉన్నారు. అడవిపక్షి గూటిని, గుడ్లను పాడుచేయడం చట్టం దృష్టిలో వేటతో సమానం. కర్ణాటకలో 1976 చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టాలన్నా చాలావరకు వృక్షాధికారి అనుమతి కావాలి. కానీ కొమ్మ మీద గొడ్డలి పడే వేళకు అక్కడ చట్టం ఉండదు. వీధివాళ్లే ఉంటారు.

పక్షులు చూసేవారు వారానికో రోజు వచ్చిపోతారు. ఆ గూటిని మిగతా ఆరు రోజులూ కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ ఇంటివాళ్లు, ఆ వాచ్‌మన్. 'ఇక్కడేం చూస్తున్నారు?' అని అడిగినవారితో గొడవపడి వస్తే వీధిలో ఒక శత్రువు మిగులుతారు. బైనాక్యులర్‌ వాళ్ల చేతికిచ్చి, ఎండుకొమ్మ బొరియలోంచి తల బయటపెట్టిన కంసాలిపిట్ట పిల్లను చూపిస్తే కాపలాకు ఒక మనిషి దొరుకుతారు. అలా చూసినవారు మళ్లీ ఏడాది కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు 'ఆగండి, గూడుంది' అంటారు.