కాలువ మీద వచ్చిన పుస్తకాలు



బైబిలు గుండెకు హత్తుకొని ఆరాధనకు వచ్చి, దానిని చదువలేక కూర్చుండే తల్లులు మన యానాం సంఘాల్లో ఉన్నారు. వారికి గ్రంథాలయంతో పనేమిటని అనుకోకండి.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు బీరువాల్లో పుస్తకాలు సర్ది ఊరుకోలేదు. చదువురాని పెద్దలకు రాత్రిబడులు నడిపారు, పత్రికలు చదివి వినిపించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో పడవ గ్రంథాలయమే నడిపించారు. పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువ వెంట పుస్తకాలే ఊళ్లకు వెళ్లేవి. గోదావరి పడవలెరిగిన మనకు ఆ దృశ్యం వర్ణించనక్కరలేదు.

చదివి వినిపించడం మనకూ కొత్త కాదు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా ఉదయం మొదలు మధ్యాహ్నం వరకు చదివాడు, లేవీయులు అర్థం చెప్పారు. (అంతసేపు వినే సంఘం దొరకడం ఏ పాస్టరుకైనా భాగ్యమే!)

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. చాలాచోట్ల పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. మన పిల్లలను తప్పక పంపండి. అయితే బహుమతి తెచ్చిన పిల్లవాడు ఇంట్లో నాయనమ్మ చేత అక్షరాలు దిద్దించడం నాకు మరింత ఇష్టం. గ్రంథాలయంలో పెద్దక్షరాల పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకోండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. అక్షరాలు పట్టుబడ్డాక మార్కు సువార్త మొదలుపెట్టవచ్చు. నాలుగింటిలో అదే చిన్నది.