పరిశోధన ఫలితం రైతు ఫోనుకు చేరవలెనన్న

మిరప పూత మీదనున్నప్పుడు ఒక్క వారము ఆలస్యమైనను నష్టము పెద్దది. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఈ సంగతి మనకు అనుభవమైనది. రైతులు ఎరిగిన తామర పురుగు ఆకులను ఆశించి పై ముడత కలిగించును. ఆ ఏడు వచ్చిన నల్ల తామర పురుగు పూలలో చేరి పూతను రాల్చినది. తేడా తెలియక పలువురు రకరకాల మందులు కలిపి మరల మరల కొట్టిరి. ఖర్చు పెరిగినదే గాని పురుగు తగ్గలేదు.

మన దేశమున ఈ పురుగు 2015లోనే బెంగుళూరులో బొప్పాయిపై గుర్తింపబడినది. ఆ వార్త ఇంగ్లీషు పరిశోధన పత్రికలో వెలువడినది. మిరప రైతు దానిని చదువుట ఎట్లు? వాట్సాప్, యూట్యూబు ఈ లోటును కొంత తీర్చగలవు. పరిశోధకులు, విస్తరణ సిబ్బంది ఈ క్రింది విషయములు పాటించవలెను.

1. ఒక సందేశములో ఒకే పని చెప్పవలెను. ఉదాహరణకు: "పది మిరప పూలు కోసి తెల్ల కాగితంపై విదిలించండి. సన్నని నల్ల పురుగులు పాకితే ఫోటో తీసి మాకు పంపండి."

2. తేదీ, మండలము, పంట దశ, పంపినవారి పేరు బొమ్మ మీదనే వ్రాయవలెను. సందేశము చేతులు మారును. తేదీ లేనిచో మరుసటి ఏడు కూడ తిరిగి, రైతుచే అనవసరముగా మందు కొట్టించును.

3. రైతు వాడు మాటలే వాడవలెను. ముడత, గుడ్డి పూలు అన్నచో వెంటనే తెలియును.

4. కొలత చెప్పవలెను. పత్తిలో "గులాబీ రంగు పురుగు ఎక్కువైతే" అనుట చాలదు. లింగాకర్షక బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు చొప్పున వరుసగా 3 రోజులు పడినచో నివారణ చేపట్టవలెనని చెప్పవలెను.

5. ఒక్క ఫోటో చూచి తొందరపడి మందు పేరు చెప్పరాదు. సందేహమున్నచో పొలము చూచి చెప్పవలెను. పొరపాటు జరిగినచో దానిని చెరిపివేసి ఊరకుండక, అదే గ్రూపులో సవరణ పంపవలెను.

ఫోను లేని రైతులును కలరు. కావున ఆ సందేశమునే రైతు సేవా కేంద్రములో గోడపై అంటించవలెను. రైతులు అడిగిన ప్రశ్నలను తేదీలతో పుస్తకములో వ్రాసి ఉంచుడు. క్రొత్త పురుగు ఏ గ్రామమున ముందు కనిపించినదో ఆ పుస్తకమే మీకు తెలుపగలదు.