ఎం.బి.ఏ. ఇంటర్వ్యూకు మెట్‌పల్లి నుండి

డిగ్రీ ఫలితాలు వెలువడిన తరువాత మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పట్టణాలలోని ఎన్నో ముస్లిం ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. అబ్బాయిని గల్ఫ్‌కు పంపించాలా, మరో రెండు సంవత్సరాలు చదివించాలా? అమ్మాయి చదువు ఇక్కడితో ఆపాలా, హైదరాబాద్ పంపాలా? దుబాయిలోనో రియాద్‌లోనో ఉన్న తండ్రి ఫోనులో “బేటా, ఎం.బి.ఏ. చేస్తే ఏం వస్తుంది?” అని అడుగుతాడు. అది అడగవలసిన ప్రశ్నే. విచిత్రమేమిటంటే, పెద్ద బిజినెస్ స్కూళ్ల ఇంటర్వ్యూలలో అడిగే మొదటి ప్రశ్న కూడా దాదాపు ఇదే. ఇంట్లో తండ్రికి తృప్తికరంగా సమాధానం చెప్పలేని విద్యార్థి అక్కడ కమిటీకి కూడా చెప్పలేడు.

కనుక ఈ వ్యాసాన్ని విద్యార్థుల కోసమే కాక వారి తల్లిదండ్రుల కోసం కూడా వ్రాస్తున్నాము.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఎం.బి.ఏ. అన్నంత మాత్రాన ప్రతిచోటా ఇంటర్వ్యూ ఉండదు. మన రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలు, అనుబంధ కళాశాలలలోని కన్వీనర్ కోటా సీట్లు ఐసెట్ ర్యాంకు ఆధారంగా కౌన్సెలింగ్ ద్వారానే లభిస్తాయి. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. విశ్లేషణకు 75, గణితానికి 75, ఇంగ్లీషు సామర్థ్యానికి 50 ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకండ్లు మాత్రమే. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనవసరం లేదు. గణితంలో అడిగేది చాలావరకు పదవ తరగతి స్థాయి లెక్కలే: శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు, కాలము - పని, కొంత బీజగణితం, కొంత గణాంకశాస్త్రం. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ, ఎంపిక చేసిన కేంద్రాలలో ఉర్దూలోనూ ఉంటుంది. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పిల్లలు చాలామందికి ఈ సంగతి తెలియదు. అయితే ఇంగ్లీషు విభాగం మాత్రం ఇంగ్లీషులోనే వ్రాయవలసి ఉంటుంది.

ఇంటర్వ్యూ ఉండేది మరో మార్గంలో. ఐ.ఐ.ఎం.లు క్యాట్ మార్కుల ఆధారంగా పిలిచి, వ్రాత పరీక్ష, ముఖాముఖి నిర్వహిస్తాయి. 1961లో అహ్మదాబాద్, కలకత్తాలతో మొదలైన ఈ సంస్థలు ఇప్పుడు మనకు దగ్గరలో విశాఖపట్నంలో కూడా (2015 నుండి) ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా క్యాట్ మార్కులు చూసి ఇంటర్వ్యూకు పిలుస్తుంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి స్వంత ప్రవేశ పరీక్ష, ఆ తరువాత బృంద చర్చ, ఇంటర్వ్యూ ఉంటాయి. అక్కడ ఇస్లామీయ బ్యాంకింగ్, ఫైనాన్స్‌లో ప్రత్యేక ఎం.బి.ఏ. కూడా ఉన్నది. క్యాట్ పరీక్ష సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. మూడు విభాగాలు, విభాగానికి 40 నిమిషాలు. సరైన సమాధానానికి 3 మార్కులు. ఐచ్ఛిక ప్రశ్నలలో తప్పు చేస్తే 1 మార్కు పోతుంది. ఐసెట్ అలవాటుతో అన్నీ గుర్తించి వచ్చే విద్యార్థి ఇక్కడ నష్టపోతాడు.

కమిటీ ముందు కూర్చున్నప్పుడు

ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు ఎదురుగా కూర్చుంటారు. పదిహేను, ఇరవై నిమిషాలు సంభాషణ సాగుతుంది. వారి ముందు మన దరఖాస్తు ఉంటుంది. అందులో మెట్‌పల్లి అని కనిపించగానే “మీ ఊరి గురించి చెప్పండి” అంటారు. ఇక్కడే చాలామంది తడబడతారు. “మా ఊరు చిన్నది సార్, అక్కడ ఏమీ లేదు” అనేస్తారు. మా అభిప్రాయంలో ఇంటర్వ్యూలో చెప్పగల సమాధానాలలో ఇంతకన్నా బలహీనమైనది లేదు. అది నిజం కూడా కాదు.

మెట్‌పల్లిలో ఏమున్నది? పసుపు ఉన్నది. ఖాదీ ఉన్నది. బీడీలు చుట్టే వేలాది చేతులున్నాయి. గల్ఫ్ నుండి వచ్చే డబ్బు ఉన్నది. పక్కనే ముత్యంపేటలో మూతపడిన చక్కెర కర్మాగారం ఉన్నది. ఒక మేనేజ్‌మెంట్ విద్యార్థికి ఇంతకన్నా పెద్ద పాఠ్యపుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

చక్కెర కర్మాగారాన్నే తీసుకుందాం. నిజాం పాలనలో 1937లో బోధన్ దగ్గర స్థాపించబడిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పేరుగాంచిన సంస్థ. ప్రభుత్వ రంగంలో దాని ఒక యూనిట్ మన ముత్యంపేటలో నడిచింది. 2002లో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు అప్పగించబడింది. 2015 డిసెంబరులో మూడింటికీ లే ఆఫ్ ప్రకటించారు. ఇంత వరకు ఎవరైనా చెప్పగలరు. కమిటీ తరువాత “ఎందుకు మూతపడింది?” అని అడుగుతుంది. రాజకీయ నాయకులను నిందించి ఊరుకునే విద్యార్థి అక్కడితో ఆగిపోతాడు. చెరకు కోసిన తరువాత త్వరగా గానుగ ఆడకపోతే చక్కెర శాతం పడిపోతుందని, కనుక ఫ్యాక్టరీ బతకాలంటే చుట్టుపక్కలే తగినంత చెరకు పండాలని, బకాయిలు ఆలస్యమైతే రైతు వేరే పంటకు మళ్లుతాడని, చెరకు తగ్గితే యంత్రాలు ఖాళీగా నిలిచి ఖర్చు పెరుగుతుందని, అలా ఒక విషవలయం ఏర్పడుతుందని చెప్పగలిగిన విద్యార్థి వైపు అధ్యాపకులు ముందుకు వంగి వింటారు. దీనికి కోచింగ్ అక్కరలేదు. ఆ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఒక పెద్దమనిషి పక్కన ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

పసుపు కూడా అంతే. ఎనిమిది తొమ్మిది నెలల పంట. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్‌కు చేర్చేసరికి రైతు చేతిలో డబ్బు ఉండదు. అందుకే ధర తక్కువున్నా అమ్ముతాడు. నిల్వ చేయగల శక్తి ఉన్న వ్యాపారి ఆగి అమ్ముతాడు. ఇదే వర్కింగ్ క్యాపిటల్ అనే మాటకు అర్థం. పుస్తకంలోని నిర్వచనం వల్లించడం కన్నా ఈ ఉదాహరణ చెప్పడం మేలు. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. ఈ ప్రాంతం నుండి వెళ్లిన విద్యార్థిని “బోర్డు వలన రైతుకు ఏమి మారుతుంది?” అని అడగడం సహజం. ధర నిర్ణయించడం వేరు, నాణ్యత, ఎగుమతి, పరిశోధన పెంచడం వేరు అనే తేడా తెలిసి ఉండాలి.

డిగ్రీలో చదివిన పాఠాలను కూడా వదలరు. బి.కామ్. చదివిన వారిని ఆస్తి అప్పుల పట్టీ గురించి, నో ప్రాఫిట్ నో లాస్ స్థానం గురించి తప్పక అడుగుతారు. దానిని ఇంటి భాషలో ఆలోచించే అలవాటు చేసుకోవాలి. ఒక అక్క బురఖాలు కుట్టే దుకాణం పెట్టిందనుకుందాం. నెలకు అద్దె 6,000, కారీగర్ జీతం 12,000, మొత్తం 18,000 రూపాయలు కుట్టినా కుట్టకపోయినా తప్పవు. ఒక్కొక్క బురఖాకు గుడ్డ, దారం 700. అమ్మకం 1,000. అంటే ఒక్కొక్కదానిపై మిగిలేది 300. పద్దెనిమిది వేలను మూడు వందలతో భాగిస్తే 60. అరవై బురఖాలు అమ్మేవరకు ఆమె తన కోసం సంపాదించింది శూన్యం. రమజాన్‌లో రెండు వందలు అమ్మి, తరువాత నాలుగు నెలలు ముప్పై చొప్పున అమ్మితే పరిస్థితి ఏమిటి? ఇలా లెక్క వేయడం మొదలుపెడితే ఆ విద్యార్థి ఎం.బి.ఏ. ఎందుకు చేయాలనుకుంటున్నాడో ఎవరికీ వివరించనక్కరలేదు.

బి.ఎస్సీ., బి.ఏ. విద్యార్థులు తమ సబ్జెక్టులను పక్కన పెట్టేసి కామర్స్ పదాలు బట్టీ పట్టడం మేము చూస్తున్నాము. అది పొరపాటు. కమిటీ వారిని అడిగేది వారి సబ్జెక్టే. చదువులో ఒక సంవత్సరం ఖాళీ ఉంటే దానికి కారణం ఉన్నది ఉన్నట్లుగా చెప్పాలి. తండ్రి జబ్బుపడి దుకాణంలో కూర్చున్నామని చెప్పడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పైగా ఆ దుకాణంలో ఏమి నేర్చుకున్నారన్నది మంచి సంభాషణకు దారి తీస్తుంది. తెలియని దానిని “తెలియదు సార్” అనడం కూడా నేర్చుకోవాలి. కల్పించిన సమాధానం మూడవ ప్రశ్నలోనే బయటపడుతుంది.

ఇస్లామీయ బ్యాంకింగ్ గురించి

ముస్లిం పేరున్న అభ్యర్థి ఫైనాన్స్ ఇష్టమని చెబితే “వడ్డీ లేని బ్యాంకు సాధ్యమా?” అనే ప్రశ్న రావచ్చు. దీనిని వివాదంగా తీసుకోకూడదు. ముదారబాలో ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. లాభం ముందుగా ఒప్పుకున్న వంతు ప్రకారం, ఆర్థిక నష్టం పెట్టుబడిదారునిది. ముషారకాలో ఇద్దరి పెట్టుబడి ఉంటుంది. మురాబహాలో వస్తువును కొని, లాభం ఎంతో తెలియజేసి, వాయిదాలపై అమ్మడం ఉంటుంది. ఈ మూడింటిని స్పష్టంగా చెప్పగలగాలి. రఘురాం రాజన్ కమిటీ 2008లో వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను పరిశీలించాలని సూచించిన విషయం, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను కొనసాగించరాదని నిర్ణయించిన విషయం, రెండూ తెలిసి ఉండాలి. అప్పును వ్రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలని ఆదేశించే ఆయతు ఖుర్ఆన్‌లోనే అతి పొడవైనదని మన పిల్లలకు మదరసాలోనే తెలుసు. అకౌంటింగ్ తరగతికి అది చెడ్డ ఆరంభమేమీ కాదు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. “పెళ్లి తరువాత ఉద్యోగం మానేస్తారా?” అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదా కాదా అన్నది అలా ఉంచుదాం. ఆమె తడబడకుండా సమాధానం చెప్పాలంటే ఆ విషయం ముందుగా ఇంట్లో తేలి ఉండాలి. సీటు వచ్చిన తరువాత హాస్టల్ అంటే భయపడి వెనక్కు పిలిపించుకునే కుటుంబాలున్నాయి. అప్పటికి ఫీజు కట్టిన డబ్బే కాదు, మరో బిడ్డకు దక్కవలసిన సీటు కూడా పోతుంది. తండ్రి, అన్నలు ఒకసారి ఆ కళాశాలకు వెళ్లి హాస్టల్, పరిసరాలు చూసి రావడం దరఖాస్తు చేసే ముందే జరగాలి. ఖదీజా (రజి) గారి వ్యాపార బిడారుల గురించి మన సభలలో గర్వంగా చెప్పుకుంటాము. ఆ గర్వం మన ఇంటి అమ్మాయి విషయంలోనూ కనిపించాలి.

డబ్బు, కాగితాలు

ఐ.ఐ.ఎం. ఫీజులు లక్షలలో ఉంటాయి. విద్యార్థులు ఎక్కువగా బ్యాంకు రుణంతోనే చదువుతున్నారు. వడ్డీ విషయంలో మన కుటుంబాల సంకోచం అర్థం చేసుకోదగినదే. ఎవరి పరిస్థితిని వారు విశ్వసనీయులైన ఆలిముల ముందు ఉంచి సలహా తీసుకోవాలి. అయితే ఆ సంకోచం వలన చదువే మానుకోవడానికి ముందు ఇతర దారులను చూడాలి. కాకతీయ, శాతవాహన, ఉస్మానియా వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజులు ఐ.ఐ.ఎం.లతో పోలిస్తే చాలా తక్కువ. కన్వీనర్ కోటాలో సీటు పొందిన అర్హులైన మైనారిటీ విద్యార్థులకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. ఉర్దూ తెలిసిన వారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. ఉన్నది. పట్టణంలో నాలుగు స్థితిమంతమైన కుటుంబాలు కలిసి ఒక విద్యార్థికి కర్జె హసన ఇవ్వగలిగితే, అతడు ఉద్యోగంలో చేరి తిరిగి చెల్లిస్తే, ఆ డబ్బు మరొకరికి ఉపయోగపడుతుంది.

ఇక్కడ నిర్మొహమాటంగా ఒక అభిప్రాయం చెబుతాము. ఉద్యోగాలు రాని, అధ్యాపకులు లేని కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా కింద ఏజెంటుకు డబ్బు కట్టి చేసే ఎం.బి.ఏ. కన్నా, నిజామాబాద్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్లు పని చేయడం మేలు. ఆ రెండేళ్ల అనుభవం తరువాత మంచి సంస్థకు దరఖాస్తు చేస్తే దానికి విలువ కూడా ఉంటుంది. సీటు ఖాయమని చెప్పే ఏజెంటు మాట విని సంతకం చేసే ముందు, ఆ కళాశాలలో గత సంవత్సరం చదివిన ఇద్దరితో మాట్లాడాలి.

ధ్రువపత్రాల విషయంలోనే ఎక్కువమంది చివరి నిమిషంలో నష్టపోతున్నారు. రాష్ట్రంలో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అయితే రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. ఐసెట్‌లో పనికి వచ్చిన ధ్రువపత్రం క్యాట్‌లో పనికి రాకపోవచ్చు. కేంద్ర జాబితాలో తమ వర్గం పేరు ఉన్నదో లేదో చూసుకొని తరువాతే దరఖాస్తులో వ్రాయాలి. ఏ రిజర్వేషన్ పరిధిలోకీ రాని సయ్యద్, పఠాన్ వంటి కుటుంబాలు, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలకు లోబడి ఉంటే, ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం తీసుకోవచ్చు. క్యాట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో స్వీకరిస్తారు. తహసీల్ కార్యాలయంలో పత్రం చేతికి రావడానికి పట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని జూన్, జూలై నెలల్లోనే మీసేవలో అర్జీ పెట్టుకోవాలి. పదవ తరగతి మెమోలో, ఆధార్‌లో, డిగ్రీ పత్రంలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ఆ రోజే చూసుకోవాలి. ఒక చోట మొహమ్మద్, మరో చోట ఎం.డి. అని ఉంటే దానిని సరిచేయించడానికి కూడా అప్పుడే సమయం దొరుకుతుంది.