తెర పలకగా ఉన్న కాలం

నాగోలులో మెట్రో రైలు దిగి మెట్ల మీదుగా వచ్చేవారిలో నలుబది అయిదేండ్లు దాటినవారిని ఎవరినైనా ఆపి, చిన్ననాడు కంప్యూటరు మీద ఏ ఆట ఆడినారని అడిగి చూడవలెను. కొందరు ఆ భాగ్యం తమకు లేదని నవ్వి సాగిపోతారు. మిగిలినవారు ఎంత తొందరలో ఉన్నా నిలబడిపోతారు. ‘డేవ్’ అంటారు ఒకరు. ‘డిగ్గర్’ అంటారు ఇంకొకరు. ‘పారాట్రూపర్’ అని మూడవవారు. పేరు చెప్పి ఊరకుండరు. ఆటలోని మనిషి గెంతినప్పుడు యంత్రం చేసే కీచుధ్వనిని నోటితో అనుకరించి వినిపిస్తారు. గోలీలను, చిర్రగోనెను తలచుకొని నిట్టూర్చే పెద్దలను మనమెరుగుదుము. కంప్యూటరు ఆటలను తలచుకొని నిట్టూర్చే తరం కూడ ఇప్పుడు ఏబదవ పడిలో ప్రవేశించినది. పిల్లలు ఆట మాని పుస్తకం పట్టవలెనని దినమూ చెప్పే ఉపాధ్యాయులకు ఈ నిట్టూర్పు కొంత వింతగా తోచవచ్చును. కాని దానిని తరచి చూచినచో, పాఠశాలకు సంబంధించిన విషయమే ఒకటి అందులో దాగి ఉన్నది.

1980ల నాటి నాగోలు మూసీ ఒడ్డున ఒక పల్లె. నగరం విడిచిన నీటితో ఆ తీరాన పశుగ్రాసం పెంచేవారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మరల నగరానికే పోయేవి. అక్కడినుండి ఉత్తరంగా ఉప్పల్ దాటి పోతే కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతం. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి పూనికతో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా అందరూ ఈసీఐఎల్ అని పిలిచే సంస్థ, ఆ చోటనే ఉన్నది. ఈ దేశంలో కంప్యూటర్ల నిర్మాణానికి మొదట పూనుకొన్నవాటిలో అది ఒకటి. అయితే బీరువాలవంటి ఆ యంత్రాలు పరిశోధనాలయాలకు, కార్యాలయాలకు తరలిపోయేవే గాని గృహస్థుని గడప తొక్కినవి కావు. సంసారుల ఇండ్లలో ఆ సంస్థ పేరు వినిపించినది ‘ఈసీ టీవీ’ వలన. కంప్యూటరు తయారయ్యే తావు ఒక్క బస్సు ప్రయాణపు దూరాన ఉండగా, ఇంటి ముందరి గదిలో మాత్రం దాని దూరపు చుట్టమైన టెలివిజను కూర్చున్నది. ఇంటి కంప్యూటరు ఆటలకు తరువాత తెరగా పనికివచ్చినది ఆ టెలివిజనే.

ఇంటి కంప్యూటరు అనే మాట బాగా ప్రచారంలోకి వచ్చిన దేశాలలో ఇంగ్లండు ముఖ్యమైనది. అక్కడి ప్రసార సంస్థ బీబీసీ, ప్రజలకు కంప్యూటరు నేర్పవలెనని సంకల్పించి, ఏకార్న్ అనే కేంబ్రిడ్జి సంస్థచేత 1981 డిసెంబరులో ‘బీబీసీ మైక్రో’ను వెలువరింపజేసినది. మరునాలుగు మాసాలకే, 1982 ఏప్రిలులో, సింక్లెయిర్ వారి ‘స్పెక్ట్రం’ వచ్చినది. రబ్బరు మీటలతో, ఒక పెద్ద పుస్తకమంత పరిమాణంలో ఉండే ఆ చిన్న యంత్రం ఖరీదు 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తితో 175 పౌనులు. దానినే 1986లో పూనాలోని డెసిబెల్స్ అనే సంస్థ ‘డీబీ స్పెక్ట్రం’ పేరుతో మన దేశంలో విక్రయించినది.

48 కిలోబైట్లు అంటే ఎంత? నేటి పద్ధతిలో ఒక తెలుగు సంకేతాన్ని దాచడానికి మూడు బైట్లు పట్టును. గుణింతపు గుర్తులు, ఒత్తులు విడిగా లెక్కకు వచ్చును. ఆ లెక్కన దానిలో పట్టేవి 16,384 సంకేతాలు. తమరు చదువుతున్న ఇటువంటి వ్యాసం ఒకటి పెడితే దాదాపు నిండిపోవును. అంతటి ఇరుకులో గుహలు, నిచ్చెనలు, రాక్షసులు, సంగీతం, అన్నీ ఇమిడించినారు. 1983లో ‘మానిక్ మైనర్’ అనే ఆటను, ఇరువది గుహలతో సహా, మాథ్యూ స్మిత్ అనే కుర్రవాడు ఒక్కడే వ్రాసినాడు. అప్పటికి అతనికి ఇరువదేండ్లు రాలేదు.

ఆట కేసెట్టులో వచ్చేది. పాటలు వినే టేపురికార్డరునే యంత్రానికి తగిలించి, మీట నొక్కి కూర్చొనవలెను. కీచుమని, గరగరమని ఒక ధ్వని. తెర అంచుల వెంట రంగురంగుల చారలు పరుగెత్తుట. ఈ విధంగా అయిదు నిమిషాలు. చివరి క్షణంలో చదువుట తప్పితే మరల మొదటినుండి ఆరంభం. ఆ నిరీక్షణను ఒక తపస్సువలె వర్ణించేవారు నేడున్నారు. మాకు అంత భక్తి లేదు. అది యంత్రపు పేదరికమే. దానిని గుణంగా ఎన్నుట అభిమానం చేసే మాయ.

మెచ్చుకొనవలసినది వేరొకటి ఉన్నది. కేసెట్టు పెట్టకుండ యంత్రాన్ని ఊరక వెలిగించితే ఏమగును? బీబీసీ మైక్రో తెరపై యంత్రం పేరు, ‘బేసిక్’ అనే భాష పేరు, ఆ క్రింద ఒక చిన్న బాణపు గుర్తు. అంతే. తెర ఖాళీ. బొమ్మలు లేవు, అంగడి లేదు, ప్రకటన లేదు. వ్రాయుమని పలకను ముందుంచి గురువు మౌనంగా నిలిచినట్లు ఉండేది. పిల్లవాడు ఏదైనా వ్రాస్తేనే యంత్రానికి పని. ఆనాటి ఆంగ్ల పత్రికలు ఆటలను అచ్చువేసేవి. పిల్లలు వందల పంక్తులను వ్రేళ్ళు నొప్పిపెట్టగా ఎక్కించేవారు. ఒక్క కామా తప్పినా ఆట నడవదు. ఎక్కడ తప్పినదో వెదకుటలో ప్రోగ్రాము మొత్తం కంఠస్థమయ్యేది. ఆపైన సహజంగా పుట్టే కోరిక ఏమనగా, మూడు ప్రాణాలు అని ఉన్నచోట ముప్పది అని దిద్దిచూద్దామా?

మన పాత ఆటలు ఇట్టివే గదా! పులిజూదం ఆడవలెనన్నచో మొదట పులిజూదం గీయవలెను. బొగ్గో, ఇటుక ముక్కో తీసుకొని అరుగుమీద త్రికోణం గీసి, అడ్డుగీతలు లాగి, చింతగింజలను మేకలుగా ఏరుకొన్న తరువాత గాని ఆట మొదలు కాదు. గుడి మండపాల బండలమీద ఆ గీతలు నేటికీ అక్కడక్కడ కనిపించును. గీయుట తెలిసినవానికి నియమం తెలియును. నియమం తెలిసినవాడు దానిని మార్చి కొత్త ఆట కట్టగలడు. తొలి ఇంటి కంప్యూటరు ఈ సంప్రదాయానికి దూరపు బంధువని మా అభిప్రాయం.

ఆనాటి పుస్తకాలలో తరచు కనిపించే ఒక ఆటను చూడండి. యంత్రం 1 నుండి 100 లోపల ఒక సంఖ్యను మనసులో అనుకొనును. పిల్లవాడు ఊహించి చెప్పవలెను. ‘పెద్దది’, ‘చిన్నది’ అని యంత్రం జవాబిచ్చును. వ్రాయుటకు డజను పంక్తులు చాలును. మొదట పిల్లలు తోచిన సంఖ్య చెప్పి ఓడిపోతారు. తరువాత ఎవడో ఒకడు 50తో ఆరంభించి, మిగిలినదానిని సగం, ఆ సగంలో సగం చేస్తూ పోతాడు. ఏ సంఖ్య అయినా ఏడవ ప్రయత్నం లోపల దొరికి తీరును. ఏలననగా రెండును ఏడుమార్లు హెచ్చించగా 128, అది నూరుకన్న అధికం. ఈ సంగతి మాష్టారు చెప్పితే లెక్క, తాను కనిపెట్టితే గెలుపు.

తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు ఇంకొక సంగతి విన్నవించవలెను. 1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బీబీసీ మైక్రోకు ‘ఎలీట్’ అనే ఆటను రచించినారు. ఆటగాడు ఓడ నడుపుతూ ఆకాశంలో వర్తకం చేయును. నక్షత్ర మండలాలు ఎనిమిది, ఒక్కొక్క మండలంలో గ్రహాలు 256, వెరసి 2,048. ప్రతిగ్రహానికి పేరు, స్థానం, పరిపాలన, సంపద వేరు. 32 కిలోబైట్ల యంత్రంలో ఇన్ని ఎట్లు దాచినారు? దాచలేదు! మూడు సంఖ్యలను విత్తనాలుగా ఉంచి, వాటిని కూడుకొంటూ పోయే సూత్రం ఒకటి వ్రాసినారు. కావలసినప్పుడు గ్రహం ఆ సూత్రంనుండి పుట్టును. మరల అదే విత్తనం వేస్తే మరల అదే గ్రహం.

ఛందస్సులోని ప్రస్తారం చేసేది సరిగా ఈ పనే. మూడక్షరాలకు గురులఘువులను మార్చి మార్చి పరచితే ఎనిమిది గణాలు. పాదానికి ఎనిమిది అక్షరాలైన అనుష్టుప్పుకు 256 భేదాలు. పింగళుని శాస్త్రం ఎరిగినవారెవ్వరూ ఆ 256ను వల్లెవేయరు, పరచే పద్ధతిని గుర్తుంచుకొంటారు. ఒక బైటులోని ఎనిమిది గడులను సున్నతో, ఒకటితో నింపగా వచ్చే సంఖ్య కూడ 256 అగుట కాకతాళీయం కాదు, లెక్క ఒక్కటే. గణవిభజన చేయుమంటే ముఖం ముడుచుకొనే ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఈ పోలిక చెప్పి చూడవచ్చును.

ఇక మన పాఠశాలలు. 1984లో కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ అనే పేరుతో కంప్యూటరు అక్షరాస్యతా పథకాన్ని ప్రారంభించి, తొలి విడతగా దేశంలో సుమారు 250 పాఠశాలలను ఎన్నుకొన్నది. వాటికి పంపినది బీబీసీ మైక్రోలనే. అనగా ఎలీట్ పుట్టిన యంత్రమే, పుట్టిన సంవత్సరమే, మన పిల్లలకు కేటాయింపు అయినది! కాని వచ్చిన పాఠాలు అనేకం బ్రిటిషు పాఠశాలలకై కూర్చినవి. మాట ఆంగ్లం, ఉదాహరణ ఆంగ్లం. ఆ దశాబ్దంలో కంప్యూటరు గది అంటే చాలచోట్ల చల్లని గాలి యంత్రం, తలుపుకు తాళం, గడప వెలుపల చెప్పుల వరుస. గర్భగుడిలో ప్రవేశించినట్లు ప్రవేశించి, ఒక్కొక్క యంత్రం ముందు నలుగురైదుగురు కూర్చొని, వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. ఆట నిషిద్ధం. పలకను పూజాపీఠంపై పెట్టి పసుపుకుంకుమలు అద్దినచో అక్షరాభ్యాసం ఎట్లు సాగును?

కావున హైదరాబాదు తూర్పు ప్రాంతాలవారి జ్ఞాపకం చాలవరకు పాఠశాలది కాదు. అది 1990లలో దిల్‌సుఖ్‌నగర్ వంటి కూడళ్ళలో మేడలమీద వెలసిన కంప్యూటరు శిక్షణ కేంద్రాలది. అక్కడి యంత్రాలు వేరు, ‘డాస్’తో నడిచేవి. కాని వాటిలోని ఆటలు అంతకు మునుపటి దశాబ్దానివే. పారాట్రూపర్ 1982 నాటిది. దానిని రచించిన గ్రెగ్ కూపర్‌బర్గ్ పిమ్మట కాలిఫోర్నియాలో గణితాచార్యుడైనాడు. డిగ్గర్ 1983, డేవ్ 1988, ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989. చివరిదానిని రచించిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముని పరుగెత్తించి, గెంతించి, చలనచిత్రం తీసి, ఆ భంగిమలనే రాజకుమారునికి దిద్దినాడు. ఆ ఆటకు గడువు అరువది నిమిషాలు. ఇవి ఫ్లాపీలనుండి ఫ్లాపీలకు నకళ్ళుగా చేతులు మారేవి. పర్యవేక్షకుడు అటు తిరగగానే తెరమీదికి వచ్చేవి. ఆనందానికి లోటు లేదు. కాని గీతలు ఎవరో గీసి ఉంచిన జూదం అది. ఆడవచ్చును గాని చదువ వీలు లేదు.

ఒకదానికి మాత్రం మినహాయింపు ఇవ్వవలెను. 1991లో డాస్‌తో కలిపి ఇచ్చిన క్యూబేసిక్ అనే భాషలో ‘గొరిల్లాస్’ అనే ఆట ఉండేది. రెండు మేడలపై రెండు కోతులు ఒకదానిపై ఒకటి అరటిపండ్లు విసరుకొనును. ఎంత కోణం, ఎంత వేగం అన్నది ఆటగాడు అంకెలలో చెప్పవలెను; గాలి ఎదురుగా వీచవచ్చును. ఆట మొదట భూమ్యాకర్షణ ఎంత ఉండవలెనని కూడ యంత్రం అడిగేది, భూమికి 9.8 అని ప్రక్కన సూచన. ఆట వ్రాత అంతా బాహాటం. తెరచి చదివి దిద్దినవారు ఆ మేడగదులలో ఉన్నారు. తమ తొలి ప్రోగ్రాము అదేనని చెప్పేవారిని మేము విన్నాము.

ఈ జ్ఞాపకాలు అందరివీ కావనే మాట ఇక్కడ చెప్పక తప్పదు. 1980లలో నాగోలు గట్లమీద గడ్డి కోసిన ఇండ్ల పిల్లలకు కీచుధ్వని జ్ఞాపకం లేదు. రుసుము కట్టగలిగినవారు, ఆంగ్లం కూడబలుక్కొనగలిగినవారు, సాయంకాలం ఏడు దాటినా బయట ఉండనిచ్చిన ఇండ్ల మగపిల్లలు: వీరిదే ఎక్కువ పాలు. నేడు తీయగా తలచుకొనేవారు ఈ పంపకాన్ని కూడ తలచుకొంటే బాగుండును.

ఇప్పుడు అదే నాగోలులో కూలిపనివాని జేబులోని ఫోను సైతం ఆ 48 కిలోబైట్లకు ఎన్నో వేల రెట్ల జ్ఞాపకశక్తి గలది. ఆటలు లెక్కకు మించి ఉన్నవి. వెలిగించగానే వ్రాయుమని అడిగే ఖాళీ పలక మాత్రం దానిలో కనిపించదు. ఈ లోటును కేంబ్రిడ్జివారు మనకన్న ముందే గుర్తించినారు. కంప్యూటరు శాస్త్రం చదువవచ్చే విద్యార్థులకు ప్రోగ్రాము వ్రాసే అలవాటు తగ్గిపోయినదని చూచి, 2012లో ‘రాస్ప్‌బెరీ పై’ అనే చవక యంత్రాన్ని తెచ్చినారు. ఆ పూనికలో భాగస్వాములైనవారిలో ఎలీట్ రచించిన డేవిడ్ బ్రేబెన్ ఒకరు; దాని రకాలకు ‘ఏ’, ‘బీ’ అని పేరు పెట్టుట బీబీసీ మైక్రోను తలచుకొనియే.

పాత ఆటలు పోలేదు. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండువేలకు పైగా డాస్ ఆటలను ఎవరైనా ఆడుకొనేటట్లు తెరచి పెట్టినది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా మూలపాఠం పోయినదనుకొని మెక్నర్ ఏండ్లు వెదకగా, 2012లో ఆయన తండ్రికి ఇంటిలోని పాత పెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికినవి. కుమారుడు దానిని లోకమంతా చదువుకొనుటకు ప్రకటించినాడు. తాళపత్రం అటకమీద దొరికిన కథలు విన్నవారికి ఇది కొత్తగా తోచదు.

గొరిల్లాస్ వ్రాత కూడ నేటికీ దొరుకును, నడుచును. పదవ తరగతి భౌతికశాస్త్రం చెప్పేవారు ఒక మధ్యాహ్నం దానిని తెరచి, 9.8 ఉండవలసిన చోట చంద్రునిదైన 1.6 వేయించి, పిల్లలను అదే కోణంతో, అదే వేగంతో విసరుమనవచ్చును. అరటిపండు తెర పై అంచు దాటి కనుమరుగై, అందరూ ఇక రాదనుకొన్న తరువాత, ఎక్కడో దూరాన దిగివచ్చును.