ఎండిపోలేదు... నిద్రపోతోంది!

జూలై వచ్చిందంటే న్యూజెర్సీ, ఒహాయో లాంటి చోట్ల ఉండే మనవాళ్లకు ఇంటిముందు లాన్ గురించి ఒకటే బెంగ. మేలో పచ్చగా కళకళలాడిన గడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది. పిల్లల దగ్గరికి వచ్చిన నాన్నగారు సాయంత్రం కాగానే పైపు పట్టుకుంటారు. అబ్బాయేమో ఎరువు సంచి విప్పుతాడు. ఈ రెండూ గడ్డికి చేటే!

మన గరిక ఎండను ఇష్టపడుతుంది. అక్కడి లాన్లలో వేసే కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, రైగ్రాస్ అలా కాదు. 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి బాగా పెరుగుతాయి. వేడి 30 దాటి, తడి తగ్గితే ఆకుల్ని ఎండనిచ్చి మొదట్లో ప్రాణం దాచుకుంటాయి. బ్లూగ్రాస్‌కి ఇది మరీ అలవాటు.

బతికుందా, లేదా?

గుప్పెడు గడ్డి పట్టుకుని లాగండి. ఊడిరాకుండా, మొదలు తెల్లగా గట్టిగా ఉంటే బతికున్నట్టే. చాపలా చుట్టుకుని లేచివస్తే మాత్రం కింద వేరుపురుగు చేరిందేమో చూడాలి.

నీళ్లు ఎన్ని?

పచ్చగానే ఉండాలంటే వానతో కలిపి వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర నీరు కావాలి. రోజూ కాస్త చల్లకుండా, వారంలో రెండుసార్లు లోతుగా తడపండి. లాన్‌లో ఖాళీ డబ్బా పెడితే ఎన్ని నీళ్లు పడ్డాయో తెలిసిపోతుంది. తెల్లవారుజామునే పెట్టాలి. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లొస్తాయి.

నీటి బిల్లు భయమా? అయితే నిద్రపోనివ్వండి. రెండు మూడు వారాలకోసారి అరంగుళం నీరిస్తే మొదళ్లు బతుకుతాయి. ఓసారి లేపి, మళ్లీ ఎండబెడితే మాత్రం దాచుకున్న శక్తంతా ఖర్చయి నీరసించిపోతుంది. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

కోత, ఎరువు

గడ్డిని 3 నుంచి 4 అంగుళాల ఎత్తు ఉంచండి. ఆ నీడకు నేల చల్లగా ఉంటుంది. ఒక్కసారే మూడోవంతుకు మించి కోయొద్దు. మెషీన్ బ్లేడు పదునుగా ఉండాలి. నిద్రలో ఉన్న గడ్డిని అసలు కోయొద్దు, ఎక్కువ తొక్కొద్దు. నత్రజని ఎరువు సెప్టెంబరు దాకా ముట్టుకోకండి.

ఆగస్టు చివర్లో చల్లబడ్డాక చాలావరకు గడ్డి తనంతట తానే లేస్తుంది. లేవనిచోట సెప్టెంబరు సగంలోపు విత్తనం చల్లండి. అంటే దాదాపు వినాయక చవితి రోజులు. పూజకి గరిక కోసం వెతుకుతూ, లాన్ సంగతి కూడా గుర్తుచేసుకుంటే సరి!