పక్కింటి సీసీ కెమెరా మీ ఇంట్లోకి చూస్తోందా? కంప్లైంట్ ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

సీసీ కెమెరాల మీద నేను ఇప్పటిదాకా రాసినవన్నీ "మూడు వేల లోపు ఏది కొనాలి" టైపు ఆర్టికల్సే. ఈసారి లెన్స్‌కి ఇవతల నిలబడి రాస్తున్నా.

పోయిన ఏడాది హైదరాబాద్‌లోనే ఇల్లు మారాం. నేను, అమ్మ, చెల్లి. మా బాల్కనీకి ఎదురుగా, సందు అవతల ఒక ఇండిపెండెంట్ ఇల్లు, దాని గోడ మీద తెల్లటి గుండ్రటి వైఫై కెమెరా. "అన్నయ్యా, నేను బట్టలు ఆరేయడానికి వెళ్తే అది నా వైపు తిరుగుతోంది" అని చెల్లి చెప్పింది. "ఊరుకోవే, నీ భ్రమ" అని నవ్వేశా. రెండు వారాలకి చూస్తే తను బాల్కనీలోకి వెళ్లడమే మానేసింది. తన గది కిటికీకి పాత దుప్పటి కట్టుకుంది. బట్టలు ఆరేసే డ్యూటీ నాకు పడ్డాక తెలిసింది, నేను వెళ్లినా ఆ కెమెరా తిరుగుతోందని. కెమెరాలు రివ్యూ చేసేవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది.

ముందు అది ఏం చూడగలదో తేల్చుకోండి

ఇంటికి సీసీ కెమెరా పెట్టుకోవడం తప్పు కాదు, దానికి పర్మిషన్ కూడా అక్కర్లేదు. జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఆఫీసుల్లాంటి చోట్ల అయితే 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం కెమెరాలు పెట్టి తీరాలంటుంది. కాబట్టి "మా ఎదురింట్లో కెమెరా ఉంది" అని రాస్తే స్టేషన్‌లో ఎవరూ పట్టించుకోరు. నా మొదటి కంప్లైంట్ సరిగ్గా అలాగే ఉంది. "ఇది సివిల్ మేటర్ బాబూ" అని పంపించేశారు. కెమెరా ఉండటం కాదు, అది ఏం చూస్తోందన్నదే పాయింట్.

బుల్లెట్ కెమెరాల్లో ఎక్కువ కనిపించేది 2.8 ఎంఎం లెన్స్. అది 100 డిగ్రీలకు పైగా వెడల్పు చూస్తుంది. కానీ వెడల్పు పెరిగితే వివరం తగ్గుతుంది. 1080పీ కెమెరాతో 10 మీటర్ల దూరంలో ఒక మీటరుకి 70 పిక్సెళ్లు కాస్త అటూఇటూగా వస్తాయి. అంటే మనిషి ముఖానికి పది, పన్నెండు పిక్సెళ్లు. ముఖం గుర్తుపట్టలేరు, కానీ ఎవరు ఎప్పుడు వచ్చారో, వెళ్లారో తెలిసిపోతుంది. అదే 6 ఎంఎం లెన్స్ అయితే కోణం సగానికి తగ్గి, వివరం రెండున్నర రెట్ల దాకా పెరుగుతుంది. లెన్స్ పొడుగ్గా ఉండి మీ కిటికీకి సూటిగా ఉంటే అనుమానించాల్సిందే.

గుండ్రంగా ఉండే పాన్ టిల్ట్ కెమెరాల కథ వేరు. యజమాని ఫోన్‌లోంచే దాన్ని ఎటైనా తిప్పుకోవచ్చు. పైగా మోషన్ ట్రాకింగ్ అనే ఆప్షన్ ఉంటుంది. ఆన్ చేస్తే కదిలే మనిషి వెంట కెమెరా దానంతట అదే తిరుగుతుంది, కాసేపటికి మళ్లీ పాత చోటుకి వస్తుంది. మా ఎదురింటి కెమెరా చేస్తున్నది అదే. అంటే ఎవరూ కూర్చుని చూడకపోయినా చెల్లి బాల్కనీలోకి వచ్చిన ప్రతిసారీ ఒక క్లిప్ సేవ్ అవుతోంది, ఆ ఫోన్‌కి నోటిఫికేషన్ కూడా వెళ్తోంది!

దీన్ని పట్టుకోవడం తేలికే. ఫోన్‌ని స్టాండ్ మీద కదలకుండా పెట్టి కెమెరాని వీడియో తీయండి. ఐదు నిమిషాలు ఎవరూ కదలొద్దు. తర్వాత ఒకరు బాల్కనీలో అటూ ఇటూ నడవండి. లెన్స్ తిరగడం, వెనక్కి రావడం రెండూ వీడియోలో పడాలి. వేర్వేరు రోజుల్లో మూడు నాలుగు సార్లు చేయండి. రాత్రిపూట సెల్ఫీ కెమెరాతో చూస్తే కొన్ని కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఊదారంగులో మెరుస్తూ కనిపిస్తాయి (మీ ఫోన్‌కి అవి కనబడతాయో లేదో ముందు టీవీ రిమోట్‌తో టెస్ట్ చేసుకోండి). మెరిస్తే కెమెరా ఆన్‌లో ఉన్నట్టే. మెరవకపోతే ఆఫ్‌లో ఉందని మాత్రం అనుకోవద్దు, వీధి లైటు వెలుతురు సరిపోతే అవి వెలగవు.

ఒరిజినల్ వీడియోలు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ, వివరాలు రెండూ పోతాయి. రేపు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, అప్పుడు అసలు ఫైల్ కావాలి.

చేయకూడనివి

కోపంలో రాయి విసరడం, లేజర్ కొట్టడం, జామర్ పెట్టడం... ఏది చేసినా కేసు మీ మీదకి తిరుగుతుంది. మా ఫీల్డ్ వాళ్లకి ఇంకో దురద ఉంటుంది. వాళ్ల వైఫై పేరు నాకు కనిపిస్తోంది, ఒక రాత్రంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నా కూడా. చేయలేదు. పర్మిషన్ లేకుండా వేరేవాళ్ల డివైస్‌లోకి దూరితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. బాధితుడిగా వెళ్లి నిందితుడిగా రావడం అంటే ఇదే.

ముందు వెళ్లి మర్యాదగా అడగండి. దాదాపు ప్రతి బ్రాండ్ ఆప్‌లో ప్రైవసీ జోన్ లేదా ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. ఫ్రేమ్‌లో మీ కిటికీ ఉన్న చోట నల్ల గడి పెడితే ఆ భాగం రికార్డ్ అవ్వదు. పాన్ టిల్ట్ అయితే ట్రాకింగ్ కూడా ఆపమని అడగాలి. నేను అడిగితే ఆ అంకుల్ "అది ఆటోమేటిక్, మాకేం సంబంధం?" అన్నారు. లైవ్ వ్యూ చూపించమంటే తలుపేసుకున్నారు. ఏ తేదీన అడిగారో, ఏం సమాధానం వచ్చిందో నోట్ చేసుకోండి. కుదిరితే మెసేజ్ రూపంలో కూడా పంపండి.

చట్టం ఎంతవరకు వస్తుంది

ఇక్కడ నిజం చెప్పాలి. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల బెంచ్‌తో చెప్పింది. కానీ పక్కింటి కెమెరా కోసమే అంటూ ప్రత్యేకంగా ఒక సెక్షన్ లేదు. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం వ్యక్తిగత, ఇంటి అవసరాలకు వాడే డేటాని మినహాయించింది.

పనికొచ్చేవి ఇవి. ఐటీ చట్టం 66ఈ ప్రకారం ఎవరి ప్రైవేట్ శరీర భాగాలనైనా అనుమతి లేకుండా చిత్రీకరిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ఆడ, మగ ఎవరికైనా వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 ప్రకారం ఎవరూ చూడరన్న నమ్మకంతో ఒక మహిళ ఉన్న చోట, ఆమె ప్రైవేట్ పనుల్ని చూడటం కూడా నేరమే, రికార్డే అవ్వాలని లేదు. మొదటిసారి ఒకటి నుంచి మూడేళ్లు. బాత్‌రూమ్, బెడ్‌రూమ్ కిటికీల కేసులు దీని కిందకి రావచ్చు. పదే పదే వెంటాడి చూస్తుంటే సెక్షన్ 78 ఉంది. కెమెరా మీ గుమ్మం వరకే చూస్తుంటే మాత్రం వీటిలో ఏదీ సరిగ్గా అతకదు. అప్పుడు లాయర్ నోటీసు, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దారి. 2025లో కలకత్తా హైకోర్టు, ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల వివాదంలో, ఒప్పుకోలు లేకుండా నివాస భాగంలో పెట్టిన కెమెరాలు నడపొద్దని చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అపార్ట్‌మెంట్ కారిడార్ కామన్ ఏరియా కాబట్టి ముందు అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

కంప్లైంట్ ఎలా రాయాలి

నా రెండో కంప్లైంట్‌లో కెమెరా ఎక్కడుంది, మా కిటికీకి ఎన్ని అడుగులు, ఏ తేదీల్లో ఎన్ని గంటలకి తిరిగింది, మేము ఎప్పుడు అడిగాం, వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాం అని రాశా. చెల్లి తన పేరుతో, తనే సంతకం పెట్టింది. ఇంకో లైన్ తప్పకుండా రాయండి: "మెమరీ కార్డు, క్లౌడ్ రికార్డింగులు చెరిగిపోకముందే పరిశీలించండి." ఎందుకంటే సెకనుకి 1.5 మెగాబిట్ల దగ్గర కెమెరా ఆగకుండా రికార్డ్ చేస్తే రోజుకి దాదాపు 16 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డు నాలుగు రోజుల్లో పాతవాటి మీద రాసేసుకుంటుంది.

కంప్లైంట్ ఆన్‌లైన్‌లో ఇచ్చినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్. తెలంగాణలో మహిళలు షీ టీమ్స్‌ని కూడా అడగొచ్చు. వీడియో ఆల్రెడీ నెట్‌లోకి వచ్చేసిందంటే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద రిపోర్ట్ చేయండి. హోటల్ రూమ్‌లోనో ట్రయల్ రూమ్‌లోనో దాచిన కెమెరా దొరికితే మాత్రం దాన్ని పీకొద్దు, కార్డు తీయొద్దు. ఫోటో తీసి 112కి కాల్ చేయండి.

మా విషయంలో రెండో రోజు ఒక కానిస్టేబుల్ గారు వచ్చి ఆప్ ఓపెన్ చేయించారు. లిస్టులో మా బాల్కనీ క్లిప్పులు వరసగా ఉన్నాయి. చెల్లి ఒక్కటి చూసి పక్కకి తిరిగిపోయింది. అంకుల్ చాలాసేపు మాట్లాడలేదు. ఆప్ సెట్ చేసింది వాళ్లబ్బాయి అని తర్వాత చెప్పారు. కేసు పెట్టాలా వద్దా అన్నది చెల్లికే వదిలేశాం, తను వద్దంది. అయితే కెమెరా గేటు మీదకి కిందకి చూసేలా మార్చాలని, క్లిప్పులు కార్డులోనూ క్లౌడ్‌లోనూ తన ముందే డిలీట్ చేయాలని, అది కాగితం మీద రాసివ్వాలని అడిగింది. మూడూ జరిగాయి. ఇంకో ఫోన్‌లో కాపీ ఉందా అని తను అడిగిన ప్రశ్నకి "లేదు" అన్నారు. అది మాత్రం నమ్మడమే.

ఇది చదువుతున్న వాళ్లలో కెమెరా ఉన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. ఈరోజే ఆప్ తెరిచి ఫ్రేమ్‌లో ఎవరి కిటికీ ఉందో చూడండి, ఉంటే ప్రైవసీ జోన్ పెట్టండి, డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి. 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చింది తేలికైన పాస్‌వర్డ్ వల్లే.